ఆ తాడు ఎక్కణ్నుంచి వచ్చింది?

కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తున్న టీచరు గారి ఉత్తరం ఇది. కాస్త కుదించాను.

"మా బడి లైబ్రరీకి ఈమధ్య సాహస నవలలు కొన్ని వచ్చాయి. ఒక పిల్లల పత్రిక వాళ్ళు నెలకో పుస్తకం మీద సమీక్ష రాయమంటే సరేనన్నాను. మొదట 'కాంచన ద్వీపం' మీద నాలుగు పేజీలు రాసి పంపాను. 'కథంతా చెప్పేశారమ్మా, ఇది సమీక్ష కాదు' అని వెనక్కి వచ్చింది. రెండోసారి కథ ఊసెత్తకుండా రాశాను. 'ఇందులో ఏముందో అర్థం కావడం లేదు' అన్నారు. అసలు కథ ఎంతవరకు చెప్పాలి? పిల్లల కోసం రాయాలా, కొనిపెట్టే పెద్దల కోసమా? ఏ వయసు వాళ్ళకని రాయాలి? కత్తిపోట్లు, చావులు ఉన్న పుస్తకం చదవమని టీచరునై ఉండి చెప్పొచ్చా? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మాకు తెలిసిన రచయిత ఒకాయన తన పిల్లల నవల మీద సంతకం పెట్టి ఇచ్చారు. రెండ్రోజులకోసారి ఫోన్ చేసి 'రాశావా అమ్మా' అంటున్నారు. పుస్తకం నాకు నచ్చలేదు. ఏం చేయమంటారు?"

అమ్మా,

మీరు జతచేసిన రెండు ప్రతులూ చదివాను. మొదటిది కథ మొత్తం చెప్పేసిన మాట నిజమే గానీ, చదువుతుంటే మీరు ఆ పుస్తకాన్ని ఎంత ఇష్టపడ్డారో తెలుస్తోంది. రెండోదాంట్లో ఆ ఇష్టం కూడా పోయింది. "ఉత్కంఠభరితం", "ఆద్యంతం ఆసక్తికరం", "పిల్లలు తప్పక చదవాల్సిన నవల" అని ఉంది. పుస్తకం పేరు మార్చేసి ఆ పేజీని ఏ నవలకైనా అతికించుకోవచ్చు. కాబట్టి రెండోదాన్ని చించేసి మొదటిదాన్ని బాగుచేసుకుందాం.

దానికి ముందు నాకు జరిగిన అవమానం ఒకటి చెప్తాను. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసే రోజుల్లో ఒక పత్రికకు పిల్లల పుస్తకాల మీద రాసేవాణ్ని. ఒక నవలను తెగ మెచ్చుకున్నాను. అడవి, గుహ, దొంగలు, ఇద్దరు అన్నదమ్ములు. నా మాట నమ్మి ఏడో తరగతి కుర్రాడొకడు ఆ పుస్తకం తీసుకెళ్ళి రెండు రోజుల్లో తెచ్చిచ్చాడు. బల్ల మీద పెట్టి, "సార్, పన్నెండో అధ్యాయంలో లోయలోకి దిగడానికి తాడు తీశారు కదా. ఆ తాడు ఎక్కణ్నుంచి వచ్చింది సార్?" అన్నాడు. వెనక్కి తిరగేశాను. పదకొండో అధ్యాయంలో వాళ్ళ సామానంతా ఏట్లో కొట్టుకుపోయింది. ఒంటి మీద బట్టలు తప్ప ఏమీ మిగల్లేదని రచయితే రాశాడు. తాడు మాత్రం వచ్చింది. నేను అది చదివాను, మెచ్చుకున్నాను, అచ్చులో నా పేరు కూడా వేయించుకున్నాను. తాడు నా కంటపడలేదు.

సాహస నవలను చూడాల్సిన చోటు అదే. గండం ఎంత పెద్దదన్నది ఎవరైనా రాయగలరు. పులిని పెట్టొచ్చు, మొసలిని పెట్టొచ్చు, కొండచరియ విరగ్గొట్టొచ్చు. ఆ గండం ఎలా గట్టెక్కారన్న దగ్గర రచయిత బండారం బయటపడుతుంది. పిల్లవాడు తన బుర్రతో, తన చేతిలో ముందునుంచీ ఉన్న వస్తువుతో, తనకున్న గుణంతో బయటపడ్డాడా? లేక రచయితే పైనుంచి చెయ్యి పెట్టి ఎత్తేశాడా? పోలీసులు సమయానికి వచ్చారా, బాబాయి హఠాత్తుగా జీపులో దిగాడా, అంతా కల అని తేలిందా? పెద్దవాళ్ళం వీటిని చూసీచూడనట్టు పోనిస్తాం. పిల్లలు పోనివ్వరు. వాళ్ళు ఆ గుహలో నిజంగా ఉన్నారు మరి.

మీరు రాసిన 'కాంచన ద్వీపం' దగ్గరికే వద్దాం. స్టీవెన్సన్ ఇంగ్లీషు నవల 'ట్రెజర్ ఐలాండ్'కు నండూరి రామమోహనరావు గారి తెలుగు అది. మీ సమీక్షలో ఓడ మీద కుర్ర హీరో జిమ్‌కీ, దొంగల ముఠాలోని ఇజ్రాయెల్ హ్యాండ్స్‌కీ జరిగిన పోరును ఒక్క వాక్యంలో తేల్చేశారు, "జిమ్ అతణ్ని ధైర్యంగా ఎదుర్కొన్నాడు" అని. (పుస్తకం చదవనివాళ్ళు ఈ పేరా వదిలేసి కిందికి వెళ్ళండి, తర్వాత నన్ను తిట్టుకోకుండా.) అక్కడ ఏం జరిగిందో మళ్ళీ చూడండి. హ్యాండ్స్ చురకత్తితో మీదికి వస్తుంటే జిమ్ పిస్తోలు మీట నొక్కుతాడు. పేలదు. సముద్రపు నీళ్ళకు తుపాకి మందు తడిసిపోయింది. అంతకుముందు చిన్న పుట్టిలో అలల మీద కొట్టుకొచ్చినవాడి పిస్తోలు తడవక ఏమవుతుంది? ఒడ్డు తగిలి ఓడ పక్కకు ఒరిగాక జిమ్ తాళ్ళు పట్టుకుని తెరచాప కొయ్య మీదికి ఎగబాకుతాడు. పైన కూర్చుని ఒక్కో పిస్తోలుకూ కొత్త మందు కూరుకుంటాడు. కింద హ్యాండ్స్ గాయపడ్డ కాలితో, పళ్ళ మధ్య కత్తి పట్టుకుని మెల్లగా ఎక్కుతున్నాడు. ఎక్కడానికి వాడికి ఎంతసేపు పడుతుందో, మందు కూరడానికి వీడికి ఎంతసేపు పడుతుందో రచయిత లెక్క వేసుకుని రాశాడు. ఆకాశం నుంచి ఊడిపడింది ఏదీ లేదు. పిస్తోలు తడవడానికీ, హ్యాండ్స్ కాలికి గాయం ఉండటానికీ కారణాలు ముందే వచ్చేశాయి.

మీ సమీక్షలో ఇదంతా చెప్పేయమని కాదు. "ఈ నవలలో గండాలు గట్టెక్కడానికి అదృష్టం కలిసిరాదు, జిమ్ చేతులే కదలాలి" అని ఒక్క ముక్క రాస్తే చాలు. చదివిన పిల్లాడికి గుట్టు తెలియదు, పుస్తకం సంగతి తెలిసిపోతుంది.

మార్క్ ట్వేన్ 'టామ్ సాయర్' (1876) కూడా మీ లైబ్రరీలో ఉందన్నారు. గుహలో దారి తప్పిన టామ్ దేనితో దారి వెతుకుతాడో గుర్తుందా? జేబులో ఉన్న గాలిపటం దారంతో. దాని ఒక కొస కట్టేసి, చీకట్లో దారం అందినంత దూరం వెళ్ళడం, వెనక్కి రావడం, ఇంకో దారి పట్టడం. మూడో దారిలో దారం అయిపోయే చోట వెలుగు చుక్క కనబడుతుంది. ఆ వయసు పిల్లాడి జేబులో గాలిపటం దారం ఎందుకుందని ఎవరూ అడగరు. సంక్రాంతికి మన పిల్లల జేబులు తడిమి చూడండి. ఆ గుహలో టామ్‌కి టార్చిలైటు దొరికి ఉంటే ఈ కథను ఇన్నేళ్ళు ఎవరు తలచుకునేవారు?

మంత్రతంత్రాలున్న కథలకు ఇది వర్తించదని కొందరంటారు. వాటికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మంత్రదండం ఉండొచ్చు. అయితే అది ఏం చేయగలదో, ఏం చేయలేదో గండం రాకముందే పిల్లలకు తెలియాలి. ప్రాణం మీదికి వచ్చాక దండానికి కొత్త శక్తి పుట్టుకొస్తే అదీ తాడే.

కథ ఎంతవరకు చెప్పాలని కదా అడిగారు. నేను పాటించే కొలత ఒకటుంది. హీరో ఇల్లు వదిలేవరకు చెప్పొచ్చు, వదిలాక ఎదురయ్యే మొదటి చిక్కు చెప్పొచ్చు. అక్కడ ఆపాలి. ఇది రాతి మీద గీత కాదు, కొన్ని నవలల్లో ఇల్లు వదలడమే సగంలో వస్తుంది. మీ పుస్తకానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఇలా మొదలుపెట్టి చూడండి:

"జిమ్ వాళ్ళది సముద్రం ఒడ్డున సత్రం. అందులో దిగిన ముసలి నావికుడు నెలకో వెండి నాణెం ఇస్తానని ఆశపెట్టి వాడికో పని అప్పజెప్పాడు. ఒంటికాలి నావికుడెవడైనా కనబడితే వెంటనే వచ్చి చెప్పాలి. ఆ రోజు నుంచి జిమ్‌కి కలలో కూడా ఒంటికాలి మనిషే. చాలా రోజుల తర్వాత ఓడరేవులో నిజంగానే ఒంటికాలి మనిషి ఒకడు ఎదురయ్యాడు. శుభ్రంగా ఉన్నాడు. నవ్వుతూ మాట్లాడుతున్నాడు. జిమ్‌కి తెగ నచ్చేశాడు కూడా. మీరైతే నమ్ముతారా?"

ఇందులో నిధి లేదు, తిరుగుబాటు లేదు, మీరు నాలుగు పేజీల్లో చెప్పినవేవీ లేవు. అయినా పదకొండేళ్ళ వాడు పుస్తకం కోసం చెయ్యి చాస్తాడు. ఆ ఒంటికాలి మనిషి సిల్వర్ ఎలాంటివాడో లోకమంతటికీ తెలుసు కదా, దాచి లాభమేంటని మీకు అనిపించవచ్చు. మీ ఆరో తరగతి పిల్లకు తెలియదు. ఆ పిల్ల కోసం దాచాలి. ఒక తమాషా చెప్పనా? ఈ కథ 1881 అక్టోబరు నుంచి ఇంగ్లండులో 'యంగ్ ఫోక్స్' అనే పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పేరులోనే "లేదా హిస్పానియోలా ఓడలో తిరుగుబాటు" అని తగిలించారు. గుట్టు విప్పినవాళ్ళలో మీరు మొదటివారేం కాదు, పత్రికవాళ్ళే విప్పేశారు.

ఈ కథ పుట్టుక కూడా మీకు పనికొస్తుంది. 1881 వేసవిలో స్టీవెన్సన్ కుటుంబం స్కాట్లండులో బ్రేమార్ అనే ఊళ్ళో ఉంది. విడవని వాన. భార్య మొదటి పెళ్ళి కొడుకు లాయిడ్ బొమ్మలు వేసుకుంటుంటే ఈయన కూడా కూర్చుని ఒక దీవి పటం గీశాడు. ఆ పటంలోంచి కథ వచ్చింది. రోజుకో అధ్యాయం రాసి ఇంట్లో చదివి వినిపించేవాడు. వినేవాళ్ళలో ఆ పిల్లాడూ ఉన్నాడు, దీపస్తంభాలు కట్టే ఇంజనీరైన స్టీవెన్సన్ తండ్రి కూడా ఉన్నాడు. ముసలి నావికుడి పెట్టెలో ఏమేం ఉండాలో ఆ పెద్దాయనే జాబితా రాసిచ్చాడట. కథలో ఆడవాళ్ళు ఉండకూడదన్నది పిల్లాడి షరతు. జిమ్ తల్లి మాత్రం ఎలాగో దూరింది. దూరి ఎంత గొప్ప పని చేసిందో చూడండి. దొంగలు వచ్చేస్తున్నా ఆ నావికుడి నుంచి తనకు రావలసిన బాకీ పైసా ఎక్కువా తక్కువా లేకుండా నాణేలు లెక్కపెడుతూ కూర్చుంది! ఆ అధ్యాయంలో ఊపిరి బిగబట్టించేది కత్తి కాదు, ఆవిడ నిజాయితీ.

మీ తర్వాతి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పిల్లల కోసం రాయాలా, పెద్దల కోసమా అన్నారు. స్టీవెన్సన్ కథ వినిపించిన ఆ గదిలో పదమూడేళ్ళ వాడూ ఉన్నాడు, అరవై దాటిన ఆయనా ఉన్నాడు. పత్రిక పిల్లలది కాబట్టి మీరు పిల్లాడితోనే మాట్లాడండి. చివర నాలుగైదు వాక్యాలు విడిగా పెట్టి పెద్దలతో మాట్లాడండి. రెండూ కలిపి కొట్టకండి. "ఓ చిన్నారులారా" అని మొదలై "తల్లిదండ్రులు గమనించవలసిన విషయం" అంటూ తేలే సమీక్షను పిల్లలు రెండో పేరాలోనే వదిలేస్తారు. "చిన్నారులారా" అన్న పిలుపుకు పన్నెండేళ్ళు దాటినవాడు ఎలాగూ పలకడు.

పెద్దల కోసం రాసే ఆ నాలుగైదు వాక్యాల్లో ఏముండాలి? ముందు వయసు. మన భాషలో ఇది కాస్త చిక్కు వ్యవహారం. ఇంగ్లీషు మీడియంలో తొమ్మిది చదివే కుర్రాడికి పధ్నాలుగేళ్ళ వాడి కథే కావాలి. తెలుగు చదివే వేగం మాత్రం మూడో తరగతి దగ్గర ఆగిపోయి ఉంటుంది. హైదరాబాదులో ఉన్నా అంతే. అమెరికాలో శని, ఆదివారాలు మనబడి క్లాసుకు వెళ్ళి తెలుగు నేర్చుకునే పిల్లయితే మరీను. అందుకని నేను రెండు వయసులు రాస్తాను. సొంతంగా చదువుకోవాలంటే ఇన్నేళ్ళు, పక్కన ఎవరైనా చదివి వినిపిస్తే ఇన్నేళ్ళు. దానితోపాటు పేజీలెన్ని, అక్షరం పెద్దదా చిన్నదా, అధ్యాయం ఒక్కోటీ ఎంత పొడవు, బొమ్మలున్నాయా, వెల ఎంత, ఇవి కూడా చెప్పండి. పదిహేను పేజీల అధ్యాయం రాత్రి పడుకునే ముందు పూర్తికాదు. ఇలాంటివి చెప్పడం చిన్నతనమనుకోకండి, పుస్తకం కొనేవాళ్ళు అడిగేవి ఇవే.

అనువాదమైతే ఎవరు చేశారో తప్పకుండా రాయండి. సంక్షిప్తమా, పూర్తి పాఠమా అన్నది కూడా. మన దగ్గర చాలా పుస్తకాల మీద ఈ ముక్క ఉండదు. నూటయాభై పేజీల 'రాబిన్సన్ క్రూసో' చదివినవాడు క్రూసో చదివేశానని అనుకుంటాడు. ఓడ మునిగినప్పుడు క్రూసో ఏ పని మీద వెళ్తున్నాడో తెలుసా? ఆఫ్రికా నుంచి బానిసలను తేవడానికి. పిల్లల కోసం కుదించిన ప్రతుల్లో చాలాసార్లు ఆ ముక్క ఎగిరిపోతుంది. మిగిలేది ఏకాకిగా మిగిలిన మంచివాడు. పాత సాహస నవలల్లో ఇదొక జబ్బు. తెల్లవాడు హీరో, మిగిలినవాళ్ళు నౌకర్లు లేదా నరమాంస భక్షకులు. 'టామ్ సాయర్'లో దుర్మార్గుడి పేరులోనే వాడి జాతిని ఈసడించే మాట ఉంది. అంతమాత్రాన వాటిని అలమార లోంచి తీసేయమనను. ఒక వాక్యం రాయండి చాలు. క్రూసోకైతే, "ఇది 1719లో వచ్చిన పుస్తకం, నల్లవాళ్ళ గురించి రచయిత మాట్లాడే తీరు ఇప్పుడు మనకు మింగుడుపడదు, పిల్లలతో దాని గురించి మాట్లాడండి" అన్నట్టు. ఆ మాట పిల్లలకు చెప్పడానికి జంకక్కర్లేదు. క్రూసో తన నౌకరుకు ఫ్రైడే అని తనే పేరు పెడతాడు. మా గ్రంథాలయానికి వచ్చే పిల్లలు "ఫ్రైడేకి అసలు పేరు లేదా సార్" అని నన్ను అడిగారు.

ఇప్పుడు కత్తిపోట్లు. చదవమని చెప్పొచ్చు, కానీ చెప్పే తీరుంది. "కొంత హింస ఉంది" అని రాయకండి, దానికి అర్థం లేదు. ఏముందో చెప్పండి. 'కాంచన ద్వీపం'లో మనుషులు కళ్ళముందే చస్తారు. సిల్వర్ తన ఊతకర్ర విసిరి ఒక నావికుణ్ని పడగొట్టి పొడిచి చంపుతుంటే జిమ్ చెట్ల చాటు నుంచి చూసి కళ్ళు తిరిగిపడిపోతాడు. అది భయపెట్టే చోటే. అయితే రచయిత ఆ చావును తమాషాగా చూపించలేదు, చూసినవాడికి కడుపులో తిప్పింది. నేనైతే ఆ తేడా చూస్తాను. ఎన్ని చావులన్నది కాదు, చావు దగ్గర పుస్తకం నవ్విందా లేదా అన్నది. పదిమంది దొంగలను కాల్చి పారేసి ఇడ్లీలు తినడానికి కూర్చునే పిల్లలున్న నవల నాకు దీనికంటే ఎక్కువ భయం. మీకు అనుమానంగా ఉంటే పదేళ్ళ లోపు వాళ్ళకు వద్దని రాయండి, తప్పు లేదు.

తప్పుల సంగతి. మీది కోనసీమ కాబట్టి ఇది మీకు నచ్చుతుంది. బాలంటైన్ అనే స్కాట్లండు రచయిత 'కోరల్ ఐలాండ్' అని ముగ్గురు కుర్రాళ్ళు పసిఫిక్ సముద్రంలో ఒక దీవిలో చిక్కుకున్న కథ రాశాడు, 1858 నాటిది. ఆయన ఆ సముద్రాల వైపు వెళ్ళలేదు. కొబ్బరికాయ అంటే తమ ఊరి అంగట్లో పీచు తీసి అమ్మే కాయే ఆయన చూసింది. నవలలో కుర్రాళ్ళు చెట్టు నుంచి వచ్చిన కాయకు చాకుతో చిల్లి పొడిచి హాయిగా తాగేస్తారు. డొక్క ఏమైంది? గునపం పాతి కాయలు ఒలిచే మనిషిని చూసిన మీ పిల్లల్లో ఏ ఒక్కడూ దీన్ని ఒప్పుకోడు. ఆ తప్పు బయటపడ్డాక బాలంటైన్ సిగ్గుపడి, ఆపైన దేని గురించి రాయాలన్నా అక్కడికి వెళ్ళి చూసి రాయడం మొదలుపెట్టాడు. దీపస్తంభం మీద నవల రాయడానికి సముద్రం మధ్య బెల్ రాక్ దీపస్తంభంలో ఉండొచ్చాడు.

ఇలాంటివి పట్టుకోవడం సరదాగా ఉంటుంది. క్రూసో బట్టలు విప్పి ఈదుకుంటూ ఓడ దగ్గరికి వెళ్ళి, జేబుల నిండా బిస్కెట్లు నింపుకున్నాడని మూడు వందల ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. (లాగు విప్పలేదని రచయిత తర్వాత ఓ మాట అంటాడు లెండి.) 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్'లో దూరం కనబడని పిల్లాడి కళ్ళద్దాలతో నిప్పు రాజేస్తారు. పుటాకార కటకంతో ఎండ ఒక చోటికి చేరదని మీ పదో తరగతి వాళ్ళను అడిగితే చెప్తారు. వీటివల్ల పుస్తకానికి వచ్చిన నష్టం లేదు. సమీక్షలో ఒక వాక్యం, అదీ నవ్వుతూ రాస్తే సరిపోతుంది.

నవ్వుతూ రాయకూడని తప్పు ఒకటుంది. మన సాహస కథల్లో పాము కరవగానే స్నేహితుడు చాకుతో గాటు పెట్టి నోటితో విషం పీల్చి ఉమ్మేస్తాడు. పాతవాటిలోనే కాదు, ఇప్పటివాటిలో కూడా. దానివల్ల విషం బయటికి రాదు. గాయం పెద్దదవుతుంది, రక్తం పోతుంది, ఆస్పత్రికి వెళ్ళాల్సిన సమయం పోతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి తిరిగే చేల మధ్య నుంచి బడికి నడిచి వచ్చే పిల్లలు మీవాళ్ళు. హీరో చేసిన పని వాళ్ళు చేస్తారు, అందుకే కదా సాహస నవల చదివేది. ఆ నవల మిగతా అంతా ఎంత బాగున్నా సరే, "ఫలానా పేజీలో ఉన్నట్టు చేయకండి, కరిచిన కాలు కదపకుండా పడుకోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, విరుగుడు మందు అక్కడే ఉంటుంది" అని రాయండి. స్థలం చాలకపోతే మీ మెచ్చుకోళ్ళు తగ్గించండి.

అమ్మాయిల గురించి మీరు అడగలేదు, నేనే అంటున్నాను. తప్పిపోవడానికీ, ఏడవడానికీ, చివర్లో హారతి పట్టడానికీ తప్ప ఆడపిల్లకు పని లేని నవల అయితే ఆ మాట రాయాలి. స్కాట్ ఓడెల్ 'ఐలాండ్ ఆఫ్ ది బ్లూ డాల్ఫిన్స్' (1960) దొరికితే మీరు చదవండి. కాలిఫోర్నియా తీరానికి దూరంగా శాన్ నికొలాస్ దీవిలో పద్దెనిమిదేళ్ళు ఒంటరిగా బతికిన ఒక ఆదివాసీ స్త్రీ నిజజీవితం ఆ కథకు ఆధారం. నవలలో ఆ పిల్ల అడవికుక్కల నుంచి కాపాడుకోవడానికి ఆయుధాలు చేసుకోవాలి. వాళ్ళ తెగలో ఆడవాళ్ళు ఆయుధం చేస్తే అరిష్టం. చేస్తే ఏమవుతుందోనని భయం, చేయకపోతే కుక్కలు. ఆ పిల్ల చేసుకుంటుంది. అరిష్టం మాట ఏమైందో నేను చెప్పను.

ఇక మన వయసు వాళ్ళకు వచ్చే రోగం. నేను చందమామ పిల్లాణ్ని. దాసరి సుబ్రహ్మణ్యం గారి 'శిథిలాలయం', 'యక్షపర్వతం', వాటికి చిత్రా గారు వేసిన బొమ్మలు, నెల తిరిగి కొత్త సంచిక వచ్చేదాకా ఆ గండం అలాగే వేలాడుతూ ఉండటం... ఇవి నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. అవి పుస్తకాలుగా వచ్చినప్పుడు నేను రాసిన సమీక్ష అంతా నా బాల్యం గురించే. పుస్తకం గురించి నాలుగు ముక్కలు కూడా లేవు. వాటిని మా చెల్లెలి మనవరాలికి ఇచ్చాను. బొమ్మలు బాగున్నాయంది, రాక్షసులు బాగున్నారంది, "కానీ తాతయ్యా, ప్రతి ఎనిమిది పేజీలకూ ఎవరో ఒకరు పట్టుబడుతున్నారు" అంది. నెలకో భాగంగా చదివిన నాకు తెలియనిది, ఒక్క బిగిన చదివిన దానికి తెలిసింది. నేను మళ్ళీ చదివి చూశాను. అది అన్నది నిజమే. నాకు మాత్రం ఇప్పటికీ విసుగు పుట్టలేదు. రెండూ రాసి ఉండాల్సింది.

అందుకని మీకు ఒక మాట. మీకున్న అదృష్టం చాలామంది సమీక్షకులకు లేదు, రోజూ పిల్లల మధ్యనే ఉంటారు. పుస్తకం రాయబోయే ముందు ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి, ఒకరైనా చదవడం అంటే గిట్టనివాడు ఉండాలి. "ఎలా ఉంది?" అని అడగకండి, టీచరు అడిగితే బాగుందనే అంటారు. "ఎక్కడ ఆపావు?" అని అడగండి. అన్నానికి పిలిచినా ఆపని చోటు ఏది, ఆపి మళ్ళీ తీయని చోటు ఏది. గ్రంథాలయంలో మాకు పుస్తకం వెనక అతికించిన డేట్ స్లిప్పు ఉండేది. తేదీల మీద తేదీలు పడ్డ పుస్తకం ఏదో, ఒక్క ముద్ర పడి ఆగిపోయింది ఏదో చూస్తే తెలిసిపోయేది. అంతకంటే మంచి గుర్తు ఇంకోటి ఉంది. బాగా నలిగిన పుస్తకాన్ని బల్ల మీద వదిలితే ఎక్కడ విచ్చుకుంటుందో చూడండి. ఏ పేజీని ఎక్కువసార్లు తిరగేశారో అదే చెప్తుంది.

చివరికి మీ రచయిత గారు. ముందు ఫోన్ ఎత్తండి. తప్పించుకు తిరిగితే ఆయనకు ఆశ, మీకు అపరాధభావం, రెండూ పెరుగుతాయి. "అయ్యా, మీరు నాకు తెలిసినవారు, పుస్తకం కూడా మీరే ఇచ్చారు, నేను రాస్తే బాగుండదు" అని పత్రికకు రాయడం మానుకోండి. ఇది సాకు కాదు, నిజంగానే బాగుండదు. ఒకవేళ పత్రికవాళ్ళే రాయమని పట్టుబడితే, పుస్తకం రచయిత ఇచ్చిందని, పరిచయముందని మొదటే ఒక వాక్యం రాసి ఆ తర్వాత ఉన్నదున్నట్టు రాయండి. నచ్చని పుస్తకాలన్నిటి మీదా రాయాల్సిన పని లేదు, నెలకు ఒక్క పేజీ ఇచ్చారు, దాన్ని మంచి పుస్తకానికి వాడుకోండి. బడుల లైబ్రరీలకు కట్టలు కట్టలుగా కొంటున్న పుస్తకమైతే మాత్రం నచ్చలేదని చెప్పాల్సిందే. ఎందుకు నచ్చలేదో పేజీ నంబరుతో సహా.

ఆయన ఇంకా వదలకపోతే, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మీ ఉత్తరంలో ఆ నవల గురించి ఒకే ఒక్క మాట రాశారు, "చివర్లో కలెక్టరు గారు వచ్చి పిల్లలను కాపాడతారు" అని. అదే అడగండి. కలెక్టరు గారికి కబురు ఎవరు పంపారండీ, అని. రెండో ముద్రణ వేసుకునేవారైతే ఆయన ఆ మాట రాసుకుంటారు. లేదంటే ఫోన్లు ఆగిపోతాయి.

'కాంచన ద్వీపం' సమీక్ష మళ్ళీ రాశాక నాకు పంపండి. ఒక పేజీ దాటనివ్వకండి. మీ తొమ్మిదో తరగతిలో ఎవరో అమ్మాయి ఆ పుస్తకం గురించి నోటుబుక్కు వెనక ఏదో రాసుకుందన్నారు, వీలైతే అది కూడా, అక్షర దోషాలు దిద్దకుండా.